నెలకొక సభ

ఇంగ్లండు దేశములో ఏ పల్లెకు పోయినను ఊరి నడుమనో, చర్చి వాకిటనో, దారులు కలియు చోటనో ఒక రాతి శిలువయో స్తంభమో కనబడును. దానిమీద కొన్ని పేర్లు చెక్కబడియుండును. చిన్న పల్లెలో పది పేర్లుండవచ్చును. పట్టణములో వందలకొలది యుండవచ్చును. 1914 మొదలు 1918 వరకు జరిగిన మొదటి ప్రపంచయుద్ధములో మరణించిన ఆ ఊరివారి పేర్లవి. ఒకే ఇంటిపేరు వరుసగా రెండు మూడు సారులు వచ్చుటయు కలదు. అట్టివారు అన్నదమ్ములో దాయాదులో అయియుందురు.

ఆ రాతి ప్రక్కగా ప్రతిదినము ఎందరో నడచిపోవుదురు. నిలిచి ఆ పేర్లు చదువువారు కొందరే. చదివి, “ఈతడెవరు? ఏ వీధివాడు? ఏమి పని చేయుచుండెను? ఎచ్చట, ఎట్లు మరణించెను?” అని అడుగువారు మరింత తక్కువ. అయినను అట్టివారు లేకపోలేదు. వారు నెలకొకసారి ఒకచోట కూడుదురు. విషయము బాగుగా తెలిసిన యొకరిని అతిథిగా పిలిపించి ఉపన్యాసము విందురు. తమ సందేహములు అడుగుదురు. తాము కనుగొన్నది చెప్పుదురు. ఇట్టి కూటములనే స్థానిక యుద్ధచరిత్ర సమాజములందురు. అవి ఎట్లు పుట్టినవో, వాని సభలు ఎట్లు జరుగునో, వానివలన లోకమునకు కలిగిన మేలేమో ఈ పాఠములో తెలిసికొందము.

ఇంగ్లండులో ఒక్కొక్క ఊరికిని యుద్ధచరిత్రతో ఇంత దగ్గర సంబంధమెట్లు కలిగెనో ముందుగా చూడవలెను. 1914 ఆగస్టు 4వ తేదీన బ్రిటను జర్మనీపై యుద్ధము ప్రకటించెను. అప్పటికి ఆ దేశమున నిర్బంధ సైనికసేవ లేదు. యుద్ధమంత్రియైన కిచెనరు ప్రభువు స్వచ్ఛందముగా సైన్యములో చేరుడని యువకులను పిలిచెను. ఒకే ఊరివారును, ఒకే మిల్లులో పనిచేయువారును, ఒకే బడిలో చదివినవారును కలిసి చేరినచో వారిని విడదీయక ఒకే పటాలములో నుంచెదమని అధికారులు మాట యిచ్చిరి. ఆ మాట యువకులకు మిక్కిలి నచ్చెను. తోడివారితో కూడి పోవుటకు భయమేమి? ఊళ్ళకు ఊళ్ళే కదలినవి. ఆ విధముగా ఏర్పడిన దండులను జనులు స్నేహితుల పటాలములని పిలుచుచుండిరి.

లాంకషైరు మండలములో అక్రింగ్టను అను పట్టణము కలదు. అది ఆ కాలమున నూలు మిల్లులకు పేరుపొందినది. ఆ పట్టణమునుండియు, చుట్టుప్రక్కల ఊళ్ళనుండియు చేరిన యువకులతో ఒక పటాలమేర్పడెను. 1916 జూలై 1వ తేదీ ఉదయమున ఫ్రాన్సు దేశములోని సోమ్ నదీప్రాంతమున సేర్ అను గ్రామముపైకి ఆ పటాలము దాడి వెడలెను. వెడలినవారు సుమారు 720 మంది. అరగంట గడచులోపల వారిలో 584 మంది చంపబడియో, గాయపడియో, జాడ తెలియకయో పోయిరి. ఆ ఒక్క దినమున బ్రిటిషు సైన్యమంతటిలో 57,470 మందికి హాని కలిగెను. వారిలో 19,240 మంది ప్రాణములు విడిచిరి. కలిసి చేరినవారు కలిసియే కూలిరి. కావున ఇట్టి ఊళ్ళవారికి ఆ యుద్ధము దేశచరిత్రలో ఒక అధ్యాయము మాత్రమే కాదు; అది వీధిచరిత్ర, ఇంటిచరిత్ర.

యుద్ధము ముగిసిన పిదప చాలకాలమువరకు దానిని గూర్చి సభలు పెట్టి చెప్పవలసిన అవసరము కనబడలేదు. యుద్ధమునుండి తిరిగివచ్చినవారు ప్రతి వీధిలోను ఉండిరి. కాని ఏండ్లు గడచినకొలది వారి సంఖ్య తగ్గసాగెను. 1980వ సంవత్సరము నాటికి ఆ యుద్ధములో పోరాడినవారిలో బ్రదికియున్నవారు ఎనుబదియేండ్లు దాటిన వృద్ధులు. వారితోపాటు వారి అనుభవములును మాసిపోవునని కొందరు చింతిల్లిరి. వారిలో జాన్ జైల్స్ అను రచయిత యొకడు. అతడు ఆనాటి రణభూములు అప్పుడెట్లుండెనో, ఇప్పుడెట్లున్నవో చూపు గ్రంథములు రచించినవాడు. అతని చొరవతో 1980లో వెస్టర్న్ ఫ్రంట్ అసోసియేషన్ అను సంఘము స్థాపింపబడెను. చరిత్రకారుడు జాన్ టెరెయిన్ దానికి మొదటి అధ్యక్షుడయ్యెను.

వెస్టర్న్ ఫ్రంట్ అనగా పశ్చిమ రణరంగము. బెల్జియము సముద్రతీరము మొదలు స్విట్జర్లండు సరిహద్దువరకు సుమారు 700 కిలోమీటర్ల పొడవున త్రవ్విన కందకముల వరుసకు ఆ పేరు వచ్చెను. ఆ రణరంగమును గూర్చి తెలిసికొనుటయు, అచ్చట ఇరుపక్షముల సేవచేసినవారి స్మృతిని నిలుపుటయు సంఘముయొక్క ఆశయము. యుద్ధమును సమర్థించుటగాని, కీర్తించుటగాని తమ పని కాదని ఆ సంఘము స్పష్టముగా చెప్పుకొన్నది. దానికి రాజకీయములతో సంబంధము లేదు. పాత సైనికుల వేషములు వేసికొని ఉత్తుత్తి యుద్ధములాడు సంఘమును కాదు. అనతికాలములోనే బ్రిటనులోని అనేక పట్టణములలోను, ఇతర దేశములలోను దానికి శాఖలేర్పడెను. ఆ సంఘము ప్రచురించు పత్రిక పేరు ‘స్టాండ్ టు’. ప్రాతఃకాలమునను, సాయంసంధ్యయందును శత్రువు దాడిచేయవచ్చునని సైనికులను ఆయుధములతో సిద్ధముగా నుండుడని హెచ్చరించు ఆజ్ఞ అది.

నెలనెలా కూడి ఇట్లు చర్చించు పద్ధతి వీరితోనే మొదలు కాలేదు. అమెరికా దేశమున షికాగో నగరములో రాల్ఫ్ న్యూమన్ అను పుస్తక విక్రేత యుండెను. 1861 మొదలు 1865 వరకు జరిగిన అమెరికా అంతర్యుద్ధమును గూర్చి అతని అంగడిలో మిత్రులు చేరి వాదించుకొనుచుండిరి. ఆ వాదములే 1940లో ఒక క్రమమైన కూటముగా రూపొందినవి. దానికి రౌండ్ టేబుల్, అనగా గుండ్రబల్ల అని పేరిడిరి. గుండ్రబల్ల చుట్టు కూర్చున్నప్పుడు ఎవ్వరికిని అగ్రాసనముండదు, అందరును సమానులే. పిమ్మట ఆ దేశమున అనేక పట్టణములలో అట్టి గుండ్రబల్లలు వెలసినవి. పేరు వేరైనను ఈ సమాజములన్నిటికిని ఆ సమానత్వమే మూలసూత్రము.

ఇంగ్లండులోని ఒక శాఖ సభకు మనము పోయినట్లు ఊహించుకొందము. అది శీతకాలపు సాయంకాలము. సభ జరుగు చోటు రాజభవనమేమియు కాదు. గ్రంథాలయములోని గదియో, చర్చికి చేరిన శాలయో, మాజీ సైనికుల క్లబ్బో అయియుండును. మడత కుర్చీలు వరుసలుగా వేయబడియుండును. వాకిట నొక బల్లయొద్ద కార్యదర్శి కూర్చుండి వచ్చినవారిని పలుకరించును. సంఘ సభ్యులు కానివారును రావచ్చును. గది యద్దె నిమిత్తము ఒక్కొక్కరు ఇచ్చు చిన్న మొత్తము ఒక డబ్బాలో పడును. మరియొక బల్లపై పాత పుస్తకములు అమ్మకమునకు పరచియుండును. వచ్చినవారిలో విశ్రాంత ఉపాధ్యాయులు, తపాలా ఉద్యోగులు, వడ్రంగులు, నర్సులు మొదలగు నానావృత్తులవారు కలరు. తాతముత్తాతల ఫోటోను సంచిలో భద్రముగా పెట్టుకొని మొదటిసారి వచ్చినవారును ఉందురు.

కొన్ని శాఖలలో మృతవీరులను స్మరించి కొంచెము సేపు మౌనముగా నిలుతురు. తరువాత అధ్యక్షుడు అతిథిని పరిచయము చేయును. ఆ అతిథి విశ్వవిద్యాలయపు ఆచార్యుడు కావచ్చును. ఒకే పటాలముపై ఇరువదియేండ్లు పరిశోధించిన గృహిణి కావచ్చును. ఉపన్యాసము సుమారు ఒక గంట నడచును. తెరపై పటములు, ఫోటోలు కనబడును. విషయములు పలు రకములు. ఒక నెల ఒక దాడిని గూర్చి వినినచో, మరియొక నెల గాయపడినవారిని ఆసుపత్రి రైళ్ళలో తరలించిన విధమును విందురు. సైన్యమునకు ఆహారమెట్లు చేరెను? లక్షలకొలది గుఱ్ఱములకును కంచరగాడిదలకును ఎవరు వైద్యము చేసిరి? మందుగుండు కార్ఖానాలలో స్త్రీలెట్లు పనిచేసిరి? తంతితీగలు తెగినప్పుడు వార్త ఎట్లు పోయెను? ఇట్టి ప్రశ్నలన్నియు సభకు తగిన విషయములే. తుపాకి ప్రేల్చువాడొక్కడే యుద్ధము చేయడనియు, వాని వెనుక వేలమంది శ్రమ కలదనియు వినువారికి తెలియును.

ఉపన్యాసము పిదప తేనీటి విరామము. ఆ తరువాతనే సభకు నిజమైన ప్రాణము వచ్చును. శ్రోతలు లేచి ప్రశ్నింతురు. “ఈ మాటకు ఆధారమేమి? అది ఆనాడే వ్రాసినదా, లేక నలువదియేండ్ల తరువాత జ్ఞప్తికి తెచ్చుకొని చెప్పినదా? ఎదుటి పక్షమువారి లెక్కలలో ఏమున్నది?” అని అడుగుదురు. ఎంతటి పండితుడైనను ఆ ప్రశ్నలకు బదులు చెప్పవలసినదే. తెలియనిచో తెలియదని యొప్పుకొనుట అచ్చట చిన్నతనము కాదు. ఒక్కొక్కప్పుడు వెనుక వరుసలోని వృద్ధురాలొకతె ఏ పుస్తకములోను లేని సంగతి చెప్పి ఉపన్యాసకునే ఆశ్చర్యపరచుటయు కలదు.

ఆధారమును అడుగుట ఎంత అవసరమో ఒక ఉదాహరణమువలన తెలియును. ఆ యుద్ధమున సైనికులు సింహములనియు, వారిని నడిపిన సేనానులు గాడిదలనియు ఒక మాట లోకమున వ్యాపించియున్నది. ఆలన్ క్లార్కు అను రచయిత 1961లో ప్రచురించిన గ్రంథముతో ఆ మాట ఇంటింటికి చేరెను. జర్మను సేనానులిద్దరు తమలో తాము అట్లు మాటలాడుకొనిరని ఆ గ్రంథము చెప్పెను. కాని అది చెప్పిన మూలమును పరిశోధకులు వెదకగా ఆ సంభాషణ అందు కనబడలేదు. అట్టి సామెత అంతకు పూర్వపు యుద్ధములలోనే వాడుకలో నుండెను. అనగా ఆ సేనానులు తప్పులు చేయలేదని అర్థము కాదు. జాన్ టెరెయిన్ 1963లో సేనాపతి హెయిగును గూర్చి గ్రంథము వ్రాసి, ఆయనను మూఢుడనుట సరికాదని వాదించెను. ఆ వాదము ఈనాటికిని తెగలేదు. అయితే ఆధారము లేని చమత్కారపు మాట ఎన్నిసారులు పలికినను చరిత్ర కానేరదని ఈ సభలకు వచ్చువారు గ్రహింతురు.

చరిత్ర వ్రాయుటకు పెద్ద పట్టాలు గలవారే తగుదురని తలపరాదు. మార్టిన్ మిడిల్‌బ్రూక్ అను నతడు లింకన్‌షైరు మండలములో కోళ్ళు పెంచి జీవించుచుండెను. 1967లో అతడు ఫ్రాన్సులోని రణభూములను చూడబోయెను. అచ్చటి సమాధుల వరుసలు అతని మనస్సును కలచెను. ఇంటికి తిరిగివచ్చి, సోమ్ యుద్ధపు మొదటి దినమును గూర్చి తానే గ్రంథము వ్రాయవలెనని నిశ్చయించెను. ఆ దినమున పోరాడి బ్రదికిన వందలకొలది సైనికుల జాడ తీసి, వారు చెప్పిన సంగతులను సేకరించెను. జర్మను సైనికుల మాటలను కూడ విడువలేదు. 1971లో వెలువడిన ఆ గ్రంథము నేటికిని పండితులు చదువదగినది. అడుగవలెనను కోరికయు, ఓపికగా వినగల చెవియు అతనికి పెట్టుబడులయ్యెను.

సంఘము స్థాపించిన తొలి దినములలో ఇట్టి సభలకు ఆ యుద్ధములో పోరాడిన వృద్ధులే వచ్చుచుండిరి. కాని వారందరును తమ కథలు చెప్పువారు కారు. హారీ పాచ్ అనునతని సంగతి చూడుడు. అతడు వృత్తిచేత గొట్టముల పనివాడు. 1917లో బెల్జియములోని పాషెన్‌డేల్ యుద్ధమున పాల్గొనెను. ఆ సెప్టెంబరు 22వ తేదీ రాత్రి ఒక గుండు పేలి అతని మిత్రులు ముగ్గురు మరణించిరి, అతడును గాయపడెను. పిమ్మట ఎనుబదియేండ్లు అతడు ఆ యుద్ధమును గూర్చి పెదవి విప్పలేదు, భార్యతోను చెప్పలేదు. నూరేండ్లు నిండిన పిదప 1998లో మాత్రమే, అడుగువారు వచ్చి అడుగగా, నోరు తెరచెను. 2004లో తనవలెనే ఆ యుద్ధమున జర్మను పక్షమున పోరాడిన వృద్ధుని కలిసికొని చేయి కలిపెను. 2009లో తన 111వ యేట మరణించెను. కందకములలో పోరాడినవారిలో అతడే కడపటివాడు.

అతనితో ప్రత్యక్షముగా చూచినవారి స్వరము ముగిసెను. ఇక మిగిలినది కాగితమే. కాని ఆ కాగితమైనను సురక్షితముగా నుండెనా? లేదు. ఈ పాఠమునకు ముఖ్యమైన ఘట్టమిదియే.

మొదటి యుద్ధములో పనిచేసిన సైనికుల సేవాపత్రములు లండనులోని ఒక గిడ్డంగిలో భద్రపరుపబడియుండెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1940 సెప్టెంబరులో, జర్మను విమానములు వేసిన బాంబులవలన ఆ గిడ్డంగి కాలిపోయెను. ఆ పత్రములలో ఇంచుమించు నూటికి అరువది వంతులు బూడిదయ్యెను. ఒక యుద్ధములో మరణించినవారి చరిత్రను మరియొక యుద్ధము దహించెను.

పటాలముల దినచర్య పుస్తకములు మాత్రము మిగిలినవి. ప్రతి పటాలమును ఏ దినమున ఎచ్చట నుండెనో, ఏమి చేసెనో అందు వ్రాసి యుంచుట నియమము. అవి నేడు లండను సమీపమున క్యూ అను చోట గల జాతీయ పత్రాగారములో నున్నవి. కాని వానిలో నొక లోపము కలదు. అధికారి మరణించినచో అతని పేరు వ్రాయుదురు. సామాన్య సైనికుడు మరణించినచో సాధారణముగా పేరుండదు. “ఇతర శ్రేణులవారు ఇద్దరు మృతులు” అని అంకె మాత్రముండును. ఆ ఇద్దరు ఎవరు? ఊరి స్తంభముమీది పేరునకును, ఆ పుస్తకములోని అంకెకును నడుమ వంతెన యేది?

ఆ వంతెనలలో ముఖ్యమైనవి పతకముల కార్డులు. యుద్ధానంతరము ఏ సైనికునకు ఏ పతకమీయవలెనో తెలియుటకు అధికారులు లక్షలకొలది చిన్న కార్డులు తయారుచేసిరి. ఒక్కొక్క కార్డుపై సైనికుని పేరు, సంఖ్య, పటాలము, కొందరి విషయమున అతడు యుద్ధభూమికి పోయిన తేదీ కలవు. సేవాపత్రము కాలిపోయిన అనేకులకు అట్టి చిన్న కార్డే మిగిలిన గుర్తు. ఆ కార్డుల ముందువైపులను మాత్రమే పూర్వము మైక్రోఫిల్ముపై ఎక్కించియుండిరి. ఇక అసలు కార్డులు అక్కరలేదని భావించి వానిని తొలగించుటకు సన్నాహములు జరిగినవి. కాని కొన్ని కార్డుల వెనుకవైపున మరియొక సంగతి యుండెను. పతకమును పంపవలసిన యింటి చిరునామా అచ్చట వ్రాయబడియుండెను. ముందువైపున సైనికుడు కలడు. వెనుకవైపున అతని యిల్లు, అచ్చట పతకమునకై ఎదురుచూచిన తల్లియో భార్యయో కలదు.

ఆ వెనుకవైపు విలువను నెలనెలా కూడి చర్చించువారు ఎరుగుదురు. ఏలయన, ఊరి స్తంభముమీది పేరును వీధిలోని యింటితో కలుపుటయే వారి పని. 2005లో వెస్టర్న్ ఫ్రంట్ అసోసియేషన్ ముందుకు వచ్చి, ఆ అసలు కార్డులను నాశనము కాకుండ కాపాడెను. పిమ్మట వానికి రెండు వైపులను వర్ణచిత్రములు తీయబడినవి. 2012లో ఆ సంఘమే 60 లక్షలకు పైగా పింఛను పత్రములను కూడ కాపాడెను. ఆ పత్రములలో గాయపడిన సైనికుల వివరములే కాక, మృతుల భార్యల పేర్లు, బిడ్డలు పుట్టిన తేదీలు సైతము కలవు. ఈ కార్యమును చేసినది గొప్ప సైన్యము కాదు, ధనికుల సంస్థయు కాదు. మడత కుర్చీలపై కూర్చుండి తేనీరు త్రాగుచు “ఆధారమేమి?” అని అడుగు సామాన్యుల సంఘము.

ఇక మన దేశమునకు సంబంధించిన సంగతి. ఆ పశ్చిమ రణరంగమున భారతీయులును పోరాడిరని మనలో అనేకులకు తెలియదు. 1914 సెప్టెంబరు చివర భారత సైన్యము ఫ్రాన్సులోని మార్సేల్స్ రేవులో దిగెను. 1915 మార్చిలో నవ్ షాపెల్ గ్రామమున జరిగిన దాడిలో పాల్గొన్న దళములలో సగము భారతీయులవే. అచ్చట 1927లో నిర్మింపబడిన స్మారకముపై, సమాధి తెలియని 4,700 మందికి పైగా భారతీయుల పేర్లు చెక్కబడియున్నవి. ఆ యుద్ధకాలమున పలు ఖండములకు పోయిన భారతీయులు పది లక్షలకు మించినవారు. మరణించినవారు సుమారు 74,000 మంది.

ఫ్రాన్సునుండి మన సైనికులు ఇండ్లకు జాబులు వ్రాసిరి. అధికారులు వానిని తనిఖీచేసి, కొన్ని భాగములను ఇంగ్లీషులోనికి మార్చి నివేదికలలో చేర్చుచుండిరి. అసలు జాబులలో చాలవరకు నేడు లేవు. తనిఖీదారులు వ్రాసికొన్న భాగములు మాత్రము లండనులో మిగిలియున్నవి. సైనికులపై నిఘా కొరకు చేసిన పనియే వారి మాటలకు పెట్టెయయ్యెను. మరియొక సంగతి. 1919 ప్రాంతమున పంజాబు ప్రభుత్వము యుద్ధమునకు పోయినవారి పేర్లను గ్రామములవారిగా వ్రాయించెను. సుమారు 3,20,000 మంది వివరములు గల ఆ పుస్తకములు లాహోరు మ్యూజియములో ఎవ్వరును చూడక పడియుండెను. బ్రిటనులో నివసించు పంజాబీల సాంస్కృతిక సంఘమొకటి పూనుకొని, ఒక విశ్వవిద్యాలయముతో కలిసి, 2021లో వానిలో కొన్ని జిల్లాల వివరములను అందరికి అందుబాటులోనికి తెచ్చెను. ముత్తాత పేరు కొరకు వెదకువారికి అది పెన్నిధియయ్యెను.

తెలుగునాటికిని ఆ యుద్ధముతో సంబంధము కలదు. ఢిల్లీలోని తీన్‌మూర్తి స్మారకముయొక్క మూడు విగ్రహములు హైదరాబాదు, మైసూరు, జోధపూరు సంస్థానముల అశ్వికదళములకు గుర్తులు. ఆ దళములు ఈజిప్టు, పాలస్తీనా ప్రాంతములలో సేవచేసినవి. పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెము సమీపమున గల మాధవరమును జనులు మిలిటరీ మాధవరమని పిలుతురు. రెండు ప్రపంచయుద్ధములకును ఆ గ్రామమునుండి సైనికులు పోయిరి. తరతరములుగా సైన్యములో చేరుట అచ్చట ఆచారమయ్యెను.

మన పల్లెలలో రచ్చబండ యున్నది, పంచాయతి గది యున్నది, బడి యున్నది. నెలకొక సాయంకాలము అచ్చట నలుగురు కూడుట కష్టము కాదు. సైన్యములో పనిచేసి వచ్చిన పెద్దను అతిథిగా పిలువవచ్చును. ఆయన చెప్పినది తేదీతో సహా ఒక పుస్తకములో వ్రాయవచ్చును. ఇంట పెట్టె అడుగున పడియున్న పాత జాబును, పింఛను కాగితమును చెదలపాలు కానీయక చూపుమని ఇరుగుపొరుగువారిని అడుగవచ్చును. అయితే ఒక్క జాగ్రత్త. విన్నదానినెల్ల నిజమని నమ్మరాదు, నమ్మరానిదని త్రోసివేయనురాదు. ఆధారము నడుగవలెను, మర్యాదగా నడుగవలెను. బాధ కలిగించు సంగతిని చెప్పుటకు ఆ పెద్ద ఇష్టపడనిచో కాచుకొనియుండవలెను. హారీ పాచ్ ఎనుబదియేండ్లు మౌనముగా నుండెనని మరువరాదు.

యుద్ధములను గూర్చి తెలిసికొనుటవలన యుద్ధముపై ప్రీతి పెరుగునని కొందరు శంకింతురు. కాని అక్రింగ్టను యువకుల కథ వినినవాడు యుద్ధమును పండుగగా భావింపజాలడు. అంకె మాత్రము తెలిసినవానికి యుద్ధము సులభముగా తోచును. ఆ అంకెలోని ఒక్కొక్కనికి పేరు, ఇల్లు, ఎదురుచూచు తల్లి కలదని తెలిసినవానికి అది ఎంత వెల గలదో తెలియును. ప్రతి సంవత్సరము నవంబరు 11వ తేదీన పదునొకండు గంటలకు బ్రిటనులో స్తంభములయొద్ద జనులు రెండు నిమిషములు మౌనముగా నిలుతురు. 1918లో అదే గంటకు ఆ రణరంగమున తుపాకులు ఆగినవి. ఆ మౌనమునకు అర్థము కలుగవలెనన్నచో తక్కిన దినములలో ఎవరైనను ఆ పేర్లను గూర్చి మాటలాడుచుండవలెను.

రాతిమీద పేరు చెక్కుట ఒకనాటి పని. ఆ పేరు గలవాడెవరో చెప్పగలవారిని నిలుపుకొనుట ప్రతి తరమువారి పని. నెలకొకసారి దీపము వెలిగించి, కుర్చీలు వేసి, అతిథిని పిలిచి, “అతడు ఏ వీధివాడు?” అని అడుగువారు ఆ పనిని చేయుచున్నారు.